పెద్దపల్లి నుంచి గోదావరిఖని దాకా: కాక పటంలో లేని ఒక గుర్తు

ఈ నడకకు మూలం ఒక పందెం. నేను హనుమకొండలో సోషల్ టీచరును. సెలవు దొరికితే చాలు ఎక్కడికో ఒకచోటికి నడిచి వెళ్లడం, వచ్చి ఇక్కడ రాయడం నా పిచ్చి. పోయిన ఏడాది మా దగ్గర, కాళ్లు పోగొట్టుకున్న మాజీ సైనికులకు కృత్రిమ కాళ్ల కొలతలు తీసే శిబిరం పెడితే పేర్లు రాయడానికి వెళ్లి కూర్చున్నాను. అక్కడ పరిచయమయ్యాడు సంపత్. పెద్దపల్లివాడు, ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. సరిహద్దులో గస్తీ తిరుగుతుంటే మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. అదే పేలుడులో, అతనికి రెండడుగులు వెనక ఉన్న రవీందర్‌కు కుడి కాలు పోయింది. రవీందర్‌ది గోదావరిఖని. సంపత్ కాలు పెట్టించుకుని పొలం చూసుకుంటున్నాడు, బండి నడుపుతున్నాడు. రవీందర్ మాత్రం నాలుగేళ్లుగా గడప దాటడం లేదు. అతనికిచ్చిన కాలు ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా గది మూలన నిలబడి ఉంది. సంపత్ ఫోన్లో బతిమాలి, తిట్టి, మళ్లీ బతిమాలి విసిగిపోయిన రోజున రవీందర్ ఒక మాటన్నాడట. "గంత మంచిగుంటదా నీ పెట్టుడు కాలు? అయితే పెద్దపల్లి నుంచి మా ఇంటిదాక నడిచి రా. నడుమల ఒక్క అడుగు గూడ బండెక్కద్దు. అప్పుడు తొడుగుత."

సంపత్ ఈ సంగతి నాకు నవ్వుతూ చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, నడక వచ్చింది. ఎలాగూ నడుస్తున్నాడు కదా, పదిమందిమి వెంట నడుద్దాం, దారి పొడవునా జనానికి ఈ కాళ్ల సంగతి చెబుదాం అన్నాను. ఒకసారి కాలు పెడితే జన్మంతా ఉంటుందనే నేనూ అనుకునేదాన్ని. చెప్పుల్లాగే అవీ అరుగుతాయట. మిగిలిన కాలు సన్నబడితే పెట్టుడు కాలు వదులై చర్మం ఒరుసుకుపోతుందట. మార్పించుకోలేక అలాగే కుంటుతూ తిరిగే మాజీ సైనికులు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. వాళ్ల కోసం సాయం అడుగుతూ రెండు రోజులు నడవాలని, సంపత్ ఇంటి నుంచి రవీందర్ ఇంటిదాకా వెళ్లాలని తేల్చుకున్నాం. మొత్తం ముప్పై కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది.

మాకు దారి చూపించింది రవీందర్ వాళ్ల నాన్న పోశం కాక. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు షాట్‌ఫైరర్‌గా చేసి దిగిపోయాడు. అంటే బొగ్గుకు తూట్లు వేసి, మందు పెట్టి పేల్చే మనిషి. ఎండిన చింతబరికెలాంటి ఒళ్లు, మనిషి కన్నా ముందు నడిచే గొంతు. కొడుకు కోసం జరుగుతున్న నడక అని తెలిసి, తానే బస్సెక్కి పెద్దపల్లి వచ్చి, పాత క్యాలెండర్ కాగితం వెనక దారంతా గీసి ఇచ్చాడు. "గీడ బోరింగు నీళ్లు మంచిగుంటయ్ బిడ్డా. గీ మూలమలుపు కాడ కుక్కలుంటయ్, కట్టె పట్టుకోవాలె. గీడ లారీలు రోడ్డు మీద నీళ్లు జల్లుతయ్, జారుతది, సంపత్‌ను పట్టుకోండ్రి." చెట్టు నీడలు, టీ కొట్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉన్న పెట్రోలు బంకు, అన్నీ ఉన్నాయి అందులో. నేను గీసే మ్యాపుల్లో కూడా అంత శ్రద్ధ ఉండదు. "ఇంకేమైనా ఉందా కాకా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఇంకేముంటది, గంతే" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

చలి ఇంకా పూర్తిగా పోని ఒక శనివారం ఉదయం పెద్దపల్లి స్టేషన్ బయట కలిశాం. కాజీపేట నుంచి పొద్దున బండ్లు చాలానే ఉన్నాయి, గంటన్నరలోపే దించేస్తాయి. ఆరున్నరకు బయల్దేరినప్పుడు ఇరవై ఇద్దరం. రాజీవ్ రహదారి నడవడానికి వేసిన రోడ్డు కాదని చెప్పక తప్పదు. థర్మల్ కేంద్రం బూడిద మోసే లారీ ఒకటి పక్కనుంచి పోతే ముఖానికి పౌడరు రాసుకునే పని ఉండదు. అయినా రోడ్డుకు కుడివైపున, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా నడిస్తే భయం లేదు. ఒంటిగంటకు బసంత్‌నగర్ చేరి, తెలిసినవాళ్ల ఫంక్షన్ హాల్లో దుప్పట్లు పరుచుకున్నాం. సంపత్ కాలు విప్పి, లోపలి మేజోడు తీసి, చర్మం ఎర్రబడిందేమో చిన్న అద్దం పెట్టి చూసుకున్నాడు. నేను తల తిప్పుకోబోతే, "సూడు అక్కా, గిది సూడనీకే గద నడుస్తున్నం" అన్నాడు. చూశాను. ఎర్రగా ఉంది కానీ చిట్లలేదు.

రెండో రోజు ఆదివారం నడుద్దామంటే ఒకరిద్దరికి పెళ్లి పిలుపులున్నాయి. ఆ రోజు అక్కడే ఆగి, ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి మాట్లాడి, సోమవారం ఆరింటికి మిగిలిన పదకొండు మందిమి కదిలాం. పోశం కాక మాతో వచ్చాడు. దూరంగా థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తూనే ఉంటాయి, ఎంత నడిచినా దగ్గరికి రావు. ఎనిమిదింటికి ఒక హోటల్ దగ్గర ఆగాం. పూరీ నలభై, టీ పది. అక్కడ పిండి కలుపుతున్న ముసలావిడ సంపత్ ప్యాంటు పైకి మడిచి ఉండటం చూసి దగ్గరికి వచ్చింది.

"బాయిల పోయిందా బిడ్డా కాలు?"

"కాదు అవ్వా, మిలిట్రీల."

"గట్లనా. అన్‌ఫిట్ చేసిన్రా మరి? కొడుక్కు డ్యూటీ వచ్చిందా?"

పోయిన కాలు గురించి అయ్యో అని ఒక్క ముక్క లేదు, నేరుగా కొడుకు ఉద్యోగం! నా ముఖం చూసి కాక విడమరిచి చెప్పాడు. ఇక్కడ గనిలో మనిషి పనికి పనికిరాకుండా పోతే కంపెనీ డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తారు, ఆ ఇంట్లో కొడుక్కు ఉద్యోగం వస్తుంది. కాబట్టి కాలు లేని మనిషిని చూడగానే ఈ ఊళ్లవాళ్లకు తోచే మొదటి ప్రశ్న అదే. ఆమె దృష్టిలో అదే ఓదార్పు. సంపత్ పకపకా నవ్వి, "నా కొడుక్కు అయిదేండ్లే అవ్వా, డ్యూటీకి పంపుతే బాయిల నిద్రపోతడు" అన్నాడు. ఆవిడ మా పూరీల మీద ఇంకో నాలుగు పడేసి పోయింది.

పదకొండున్నరకు రామగుండం దాటి ఒక షెడ్డు నీడలో అన్నాలు తిని, ఎండ తగ్గేదాకా పడుకున్నాం. రెండున్నరకు లేచాం. రవీందర్ వాళ్ల ఇల్లు గోదావరిఖనిలో గని కార్మికుల కాలనీని ఆనుకుని ఉంది. మెయిన్ రోడ్డు వదిలి, ఓపెన్‌కాస్టు గని మట్టి గుట్టల పక్కగా వెళ్లే దారి పట్టాం. భూమిని పైనుంచి తవ్వి బొగ్గు తీసే గని అది. తవ్విన మట్టి పోయగా పోయగా కొండలైపోయాయి, వాటి మీద తుమ్మచెట్లు కూడా మొలిచాయి. ఇంకా రెండు కిలోమీటర్లు. సంపత్ హుషారుగా ఉన్నాడు. రవీందర్ చేత కాలు తొడిగించి, సాయంత్రం చౌరస్తాలో ఇద్దరూ జతగా నిలబడి ఫోటో దిగాలని, రెండు మంచి కాళ్లు రెండు పెట్టుడు కాళ్లు లెక్క సరిపోతుందని ఏదేదో చెబుతున్నాడు. ఒక టీ కొట్టు ముందు నుంచి పోతుండగా ఎక్కడో సైరన్ కూసింది. షిఫ్టు మారుతోందనుకున్నాను. పోశం కాక చేతి గడియారం చూసుకుని, మెచ్చుకోలుగా తలూపాడు. "టైముకే ఉన్నరు" అన్నాడు.

మూడు దాటి పది నిమిషాలు. ముందు కాళ్ల కింద నేల కదిలింది, తర్వాత చప్పుడు వచ్చింది. ఆ తర్వాత నేను రోడ్డు మీద బోర్లా ఉన్నాను. సంపత్ నా చెయ్యి పట్టి కిందికి గుంజి, నా తల మీద తన చెయ్యి అదిమి పెట్టి, మట్టిలో ముఖం ఆనించి, కిందే ఉండమని మిలిట్రీ హిందీలో అరుస్తున్నాడు. "నీచే! నీచే రహో! రవీ! రవీ, కదలకు!" నా మోకాలు చీరుకుపోయింది, నోట్లో దుమ్ము. నిజం చెబుతున్నా, చచ్చిపోతున్నామనే అనుకున్నాను. తలెత్తి చూస్తే, టీ కొట్టామె ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి టీ పోస్తూనే ఉంది. ఒక్క బొట్టు ఒలకలేదు. బెంచీ మీద పేపరు చదివే పెద్దమనిషి పేజీ తిప్పాడు. నేను జీవితంలో చూసిన వాటిలో నన్ను అంత దిమ్మెరపోయేలా చేసింది మరొకటి లేదు.

"గనిల బ్లాస్టింగే అన్నా, ఫికర్ లేదు. రోజు అయ్యేదే" అంది టీ కొట్టామె, అప్పటికి మమ్మల్ని చూసి పరుగెత్తుకొస్తూ. సంపత్ లేవలేదు. పడ్డప్పుడు పెట్టుడు కాలు మెలిపడి సగం ఊడిపోయింది, మేజోడు మీద రక్తం కనిపిస్తోంది. పళ్లు కొట్టుకుంటున్నాయి. మేమంతా కలిసి బెంచీ మీద కూర్చోబెట్టాం. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. వయసులో పెద్దవాడని కూడా చూడకుండా పోశం కాక మీద విరుచుకుపడ్డాను. "కుక్కలున్న మలుపు రాశారు, జారే రోడ్డు రాశారు, ఇంత పేలుడు ఉంటుందని ఒక్క మాట చెప్పలేకపోయారా కాకా? మందుపాతరలో కాలు పోయిన మనిషిని తీసుకొస్తున్నామని తెలియదా?"

కాక నన్ను చూడటం లేదు. సంపత్ వణుకుతున్న చేతుల్నే చూస్తున్నాడు. "యాదికి రాలే బిడ్డా. బ్లాస్టింగ్ అంటే మాకు గడియారం గంట కొట్టినట్టే. పొద్దు పొడుస్తదని ఎవలన్న పటంల గీస్తరా?" అన్నాడు. ఆ గొంతు నేను అంతవరకు విన్న గొంతు కాదు. తర్వాత సంపత్ ముందు నేల మీదే గొంతుక్కూర్చున్నాడు.

"పేలినప్పుడు ఏమైతది బిడ్డా నీకు?"

"ఏం జెప్పాలె కాక." సంపత్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు, వణుకు కనబడకుండా. "మందుపాతర పేలినప్పుడు గూడ ముందుగాల భూమి గిట్లనే లేస్తది. చెవులకంటె ముందు కాళ్లకు ఎరుకైతది. లేని కాలుకు గూడ ఎరుకైతది. మల్ల ఆడనే ఉన్నట్టైతది నాకు. ఎన్కకు తిరిగితే రవిగాడు పడి ఉన్నట్టు."

కాక చేతి గడియారం వైపు చూశాడు. "మావోడు రోజు మూడింటికి స్నానం చేస్తడు" అన్నాడు.

మాకెవరికీ అర్థం కాలేదు.

"మూడు గొట్టంగనే బాత్రూమ్‌ల పోయి తలుపుకు బేడెం పెట్టుకుంటడు. నల్లా మొత్తం తిప్పి ఇడుస్తడు. మూడున్నర దాటినంక ఎల్తడు. నాలుగేండ్ల సంది గిదే కత. డ్రమ్ము నీళ్లు ఒడగొడుతున్నవు, నీకేం పని లేదా అని రోజు తిడుత నేను. ఆదివారం మాత్రం పొద్దుగాలనే చేస్తడు." అక్కడ ఆగాడు. "ఆదివారం బ్లాస్టింగ్ ఉండదు."

నాలుగేళ్లు. రోజూ మూడింటికి ఆ మనిషి మూడడుగుల బాత్రూమ్‌లో, ఒంటికాలి మీద, చప్పుడు వినబడకుండా నల్లా తిప్పుకుని కూర్చుంటున్నాడు. తలుపు ఇవతల తండ్రి నీళ్ల కోసం తిడుతున్నాడు. ఆ తండ్రి బతుకంతా మందు పేల్చినవాడు. అలాంటి ఇంట్లో, పేలుడంటే భయమని ఏ నోటితో చెబుతాడు?

సంపత్ లేచి నిలబడబోయి మళ్లీ కూలబడ్డాడు. రెండు కిలోమీటర్లు. నేను అతని ముఖమే చూస్తున్నాను. ఇంత దూరం నడిచాక ఆ కాస్త దూరం కోసం పాకుతానన్నా ఆపేదాన్ని కాదేమో. కట్టు కట్టి, ఇద్దరం భుజం పట్టి నడిపిస్తే చీకటి పడేలోపు పోవచ్చు. బండెక్కితే పందెం ఓడినట్టే, రవీందర్ కాలు ఆ కవర్లోనే ఉండిపోతుంది. సంపత్ అటుగా పోతున్న ఆటోకు చెయ్యెత్తాడు.

"పందెం పోతుంది సంపత్" అన్నాను, తెలివితక్కువగా.

"పోనియ్ అక్కా. వాని రోగం కాలుది గాదు. జల్ది పోవాలె."

ఆటోలో సంపత్, కాక, నేను. మిగతావాళ్లు నడిచి వస్తామన్నారు. ఎంతివ్వాలని అడిగితే ఆటో అతను ఏమీ వద్దని తల అడ్డంగా ఊపాడు. రేకుల కప్పున్న రెండు గదుల ఇల్లు. రవీందర్ తల్లి రాజవ్వ చెంబుతో నీళ్లు పట్టుకుని గడపలో ఎదురుచూస్తోంది. లోపల మంచం మీద రవీందర్, తల ఇంకా తడిగానే ఉంది. ఆటో చప్పుడు విన్నాడు కాబోలు, సంపత్ గుమ్మంలోకి రాగానే వంకరగా నవ్వాడు. "ఆటోల వచ్చినవ్. ఓడిపోయినవ్ పో."

"ఓడిపోయిన రా" అన్నాడు సంపత్. వెళ్లి మంచం మీద పక్కనే కూర్చున్నాడు. "బ్లాస్టింగ్‌కు రోడ్డు మీద పడ్డ. అందరి ముందల. గీ అక్కను గూడ పడగొట్టిన. మీ నాయిన చూసిండు."

రవీందర్ నవ్వు అలాగే ఆగిపోయింది. తండ్రి వైపు చూశాడు. నేను ఆ ఇంట్లోంచి మాయమైపోతే బాగుండుననిపించింది. పోశం కాక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ముప్పై ఏండ్లు మందు పేల్చిన బిడ్డా. నాలుగు దిక్కుల మనుషులను నిలవెట్టి, మూడుసార్లు ఒర్రి, అందరు తప్పుకున్నరని ఎరుకైతెనే పేల్చిన. చెప్పకుంట ఒక్కనాడు, ఒక్క మనిషి మీద పేల్చలే. గని అంత నన్ను గందుకే నమ్మింది." కొడుకు వైపు తిరిగాడు. "ఇంట్ల ఉన్న నీకు మాత్రం చెప్పకపోతి."

రాజవ్వ చేతిలో చెంబు పట్టుకునే ఏడ్చింది. రవీందర్ తడి తల చేత్తో తుడుచుకుంటూ, "నీళ్లు ఒడగొడుతున్నవని తిట్టకు నాయినా, గంతే" అన్నాడు.

నేను ఆ రాత్రి మెయిన్ చౌరస్తా దగ్గర లాడ్జిలో ఉన్నాను, గది ఎనిమిది వందలు, శుభ్రంగానే ఉంది. మర్నాడు వెళ్లిపోవాల్సినదాన్ని. స్కూలుకు ఫోన్ చేసి ఇంకో రోజు సెలవు అడిగాను. రెండున్నరకే వాళ్లింటికి చేరాను. సంపత్ కాలికి కట్టుతో అక్కడే ఉన్నాడు. మూడు కావస్తుంటే రవీందర్ చంకకర్రలు అందుకుని బాత్రూమ్ వైపు చూశాడు. అప్పుడు పోశం కాక వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు. గడియారం ముఖానికి దగ్గరగా పెట్టుకుని, గనిలో అరిచినట్టే అరిచాడు. "రవీ! పది నిమిషాలున్నది!" కాసేపటికి, "అయిదున్నది!" పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగి చూశారు. ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేని సంగతిని ఈ ముసలాయన ఇంత గట్టిగా ఎందుకు అరుస్తున్నాడో వాళ్లకు అంతుబట్టలేదు. "ఇగ రెండే!" అని అరిచి లోపలికి వచ్చి, కొడుకు పక్కన మంచం మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. ఇంకో పక్క సంపత్. సైరన్ కూసింది. నేల లేచింది. అటక మీద గిన్నెలన్నీ గలగలమన్నాయి. ముగ్గురూ కళ్లు గట్టిగా మూసుకున్నారు, ముప్పై ఏళ్లు మందు పేల్చిన కాకతో సహా. కళ్లు తెరిచేసరికి రవీందర్ బనియను చెమటతో తడిసి ముద్దయింది. కానీ అతను మంచం మీదే ఉన్నాడు. బాత్రూమ్ తలుపు తెరిచే ఉంది, నల్లా కట్టేసే ఉంది. మూలన ప్లాస్టిక్ కవర్లో కాలు అలాగే నిలబడి ఉంది. దాని సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలో పెద్దపల్లి బస్సులో కూర్చుని నా నోటుపుస్తకం తీశాను. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే ఛార్జీ లేదు, బస్సులు పావుగంటకొకటి దొరుకుతాయి. ఈ నడక కోసం నేను రాసుకున్న జాబితాలో నలభై ఒక్క అంశాలున్నాయి. దూది, బ్యాటరీ, నిమ్మకాయలు, విజిల్ అన్నీ ఉన్నాయి. సంపత్‌ను కానీ రవీందర్‌ను కానీ "మీకు దేనికి భయం?" అని అడగాలని ఒక్కచోట రాసుకోలేదు. కాక మీద అరిచినందుకు సిగ్గేసింది. ఆయన మర్చిపోయింది తన ఊరి గాలిలాంటి సంగతిని, నేను మర్చిపోయింది నేను ఎవరి కోసం నడుస్తున్నానో ఆ మనిషిని. నడిచామని, సాయం చేశామని ఫోటోలు చాలానే పెట్టుకున్నాను. టీ కొట్టు ముందు రోడ్డు మీద పడ్డాక మాత్రం ఫోటోలు లేవు. చూడాల్సిందంతా ఆ తర్వాతే చూశాను.

ఈ దారిలో మీరూ నడవాలనుకుంటే ఒక్కటే చెబుతాను. గోదావరిఖని నుంచి రామకృష్ణాపూర్, గోలేటి దాకా ఈ బొగ్గు ఊళ్లలో ఎక్కడికి వెళ్లినా, మొదటి టీ తాగేచోటే బ్లాస్టింగ్ ఎన్నింటికో అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు. తెలుసుకున్నాక మీ వెంట వస్తున్న ప్రతి ఒక్కరికీ గట్టిగా, మూడుసార్లు చెప్పండి. పోశం కాక ఇప్పుడు రోజూ వాకిట్లో నిలబడి అలాగే చెబుతున్నాడని సంపత్ నిన్న ఫోన్ చేశాడు. ఆదివారం బ్లాస్టింగ్ లేకపోయినా, మూడింటికి వాకిట్లోకి వచ్చి, "రవీ, ఇయ్యాల లేదు బిడ్డా!" అని అరుస్తున్నాడట.